పిల్లి తిరిగే ఇంట పంజరపు ప్రాణులు

గోదావరి ఒడ్డున ఉన్న రామగుండం, గోదావరిఖని ప్రాంతం బొగ్గు గనులకు పేరుపొందినది. అక్కడి సింగరేణి కార్మికుల కాలనీలలో చాలా ఇండ్లు చిన్నవి. ముందు ఒక వరండా, ఒకటి రెండు గదులు, ఒక వంటిల్లు, వెనుక కొద్దిపాటి పెరడు: స్థూలంగా వాటి స్వరూపం ఇంతే. ఇట్టి ఇంట్లోకి ఎలుకల బెడద పుణ్యమా అని పిల్లి వచ్చి చేరుతుంది. పిల్లల ముచ్చట పుణ్యమా అని పంజరం కూడా వచ్చి చేరుతుంది. ఆ పంజరంలో ఒక జత కుందేళ్ళుండవచ్చును, తెల్ల ఎలుకలుండవచ్చును, ‘లవ్ బర్డ్స్’ అని అంగడిలో అమ్మే బడ్జరిగార్ పిట్టలుండవచ్చును.

వేటాడే జంతువూ, దానికి ఆహారం కాదగిన జంతువూ ఒకే కప్పు క్రింద ఉండటం ఎట్లు? ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం ఒకటే. పంజరం గట్టిగా ఉన్నది కదా, ఇక భయమేమి అంటారు. ఈ సమాధానంలో సగమే నిజమున్నది. పంజరం పిల్లిని లోపలికి రానివ్వదు. అయితే అదే పంజరం లోపలి ప్రాణిని పారిపోనివ్వదు కూడా. అడవిలో కుందేలుకు బొరియ ఉన్నది, ఎలుకకు కన్నం ఉన్నది, పిట్టకు ఆకాశమున్నది. పంజరం ఆ దారులన్నింటినీ మూసివేసినది. ఆ దారులను మరొక రూపంలో ఇల్లే తిరిగి ఇవ్వవలెను. ఇంటిని సర్దటమంటే ఇదే.

చిన్న ప్రాణి, వేగమైన దేహం

బొగ్గు గనులకూ పంజరాలకూ పాత సంబంధమున్నది. గనిలో మంటలు గాని, పేలుడు గాని సంభవించినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలంతో కలిసిపోతుంది. 1896లో వేల్సు దేశపు టైలర్స్‌టౌన్ గనిలో జరిగిన పేలుడును పరిశీలించిన జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు, మృతులలో ఎక్కువమంది పేలుడు దెబ్బకు గాక ఈ వాయువుకే బలియైనారని తేల్చినాడు. గనిలోకి పోయేవారు చిన్న ప్రాణిని వెంట తీసికొనిపోవలెనని సూచించినవాడు కూడా ఆయనే. మొదట ఎలుకలు, తరువాత కెనేరీ పిట్టలు ఈ పనికి వాడుకలోకి వచ్చినవి. బ్రిటన్‌లో ఈ పద్ధతి 1986 వరకు ఉండి, ఆ తరువాత ఎలక్ట్రానిక్ పరికరాలకు చోటిచ్చినది.

పిట్టనే ఎందుకు ఎన్నుకొన్నారు? మనిషి కంటె ముందుగా అది సొమ్మసిల్లుతుంది కనుక. దీనికి కారణం కొంత గణితంలో ఉన్నది. ఒక సెంటీమీటరు భుజం గల ఘనాన్ని తీసికొందాము. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు, నిష్పత్తి 6. పది సెంటీమీటర్ల భుజం గల ఘనానికి ఉపరితలం 600, ఘనపరిమాణం 1000, నిష్పత్తి 0.6 మాత్రమే. అనగా దేహం చిన్నదైన కొద్దీ బరువుతో పోల్చినప్పుడు చర్మం ఎక్కువ. ఆ చర్మం గుండా వేడి త్వరగా పోతుంది. పోయిన వేడిని పూరించుకొనుటకు చిన్న ప్రాణి వేగంగా తినవలెను, వేగంగా ఊపిరి పీల్చవలెను. మనిషి గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకొంటే కుందేలు గుండె 200 సార్లు, చిట్టెలుక గుండె సుమారు 600 సార్లు కొట్టుకొంటుంది.

గనిలో పిట్టను ఉపయోగకరం చేసిన ఈ గుణమే ఇంట్లో దానిని సుకుమారం చేస్తున్నది. విషవాయువు గాని, ఎండ గాని, భయం గాని, ఏదైనా దానిని మనకంటె త్వరగా తాకుతుంది.

ఆకలి వేరు, వేట వేరు

కడుపు నిండిన పిల్లి వేటాడదని చాలామంది నమ్మకం. ప్రయోగాలు దీనిని సమర్థించలేదు. 1976లో ఆడమెక్ అనే శాస్త్రజ్ఞుడు ఇష్టమైన ఆహారం తింటున్న పిల్లుల ముందుకు ఎలుకను వదలి చూచినాడు. అవి తిండి మానివేసి లేచిపోయి, ఎలుకను చంపి, మరల వచ్చి మొదటి ఆహారమే తిన్నవి. వేటను మేల్కొలిపేది ఖాళీ కడుపు మాత్రమే కాదని దీనివలన స్పష్టమగుచున్నది. చిన్న వస్తువు చురుకుగా కదలటం, గీకిన చప్పుడు, సన్నని కిచకిచ: ఇవే దానికి పిలుపులు. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినగలదు. పిల్లి చెవి 60 వేలకు పైగా వినగలదు. ఎలుకలు తమలో తాము మాట్లాడుకొనే అతిధ్వనులు మనకు వినబడవు గాని పిల్లికి వినబడుతవి. ఇంటివారందరూ నిశ్శబ్దమనుకొనే రాత్రివేళ పిల్లికి పంజరం మాట్లాడుతూనే ఉంటుంది.

అట్లని వేట గుణం మార్పులేనిది కాదు. చైనా శాస్త్రజ్ఞుడు జింగ్-యాంగ్ కువో 1930లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. ఆయన పిల్లికూనలను మూడు విధాలుగా పెంచినాడు. ఎలుకలను వేటాడే తల్లి వద్ద పెరిగిన 21 కూనలలో 18 ఎలుకలను చంపినవి. ఒంటరిగా పెరిగిన 20లో 9 చంపినవి. పసితనం నుండి ఎలుకతో కలిసి పెరిగిన 18లో 3 మాత్రమే చంపినవి. అవి కూడా తమతో పెరిగిన జాతి ఎలుకలను ముట్టక, ఇతర జాతుల ఎలుకలనే చంపినవి.

ఈ అంకెలను జాగ్రత్తగా చదువవలెను. పెంపకానికి శక్తి ఉన్నదని అవి చెప్పుచున్నవి. అదే సమయంలో, ఆ స్నేహం తెలిసిన ప్రాణికే పరిమితమని కూడా చెప్పుచున్నవి. ఎదిగిన తరువాత వచ్చిన పిల్లికి గాని, పెరటి గోడ మీదుగా దూకివచ్చే పొరుగు పిల్లికి గాని ఈ ఫలితం వర్తించదు. ‘మా పిల్లి మంచిది’ అనే నమ్మకం గొళ్ళెం చేయవలసిన పని చేయజాలదు.

వేటాడే ఉబలాటాన్ని కొంత తగ్గించవచ్చునని ఇటీవలి పరిశోధన చూపినది. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 355 పిల్లులను పరిశీలించి 2021లో ఫలితాలను ప్రకటించినారు. మాంసపు ప్రోటీను అధికంగా ఉన్న ఆహారం పెట్టగా అవి ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గినది. రోజుకు 5 నుండి 10 నిమిషాలు ఆడించగా 25 శాతం తగ్గినది. తగ్గినదే గాని పోలేదు. కాబట్టి ఆహారం, ఆట రెండూ అవసరమే. అవి తలుపుకు తోడు గాని, తలుపుకు బదులు కాదు.

ముట్టకుండానే తగిలే దెబ్బ

‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అనే సామెత తెలుగువారందరికీ తెలిసినదే. ఆ ప్రాణసంకటం దేహంలో ఎట్లు జరుగునో తేల్చిన తొలి ప్రయోగాలలో ఒకదానికి, విచిత్రంగా, పిల్లియే బాధితురాలు. 1911లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్, ఆయన సహచరుడు డి లా పాజ్ ప్రశాంతంగా ఉన్న పిల్లి రక్తాన్ని కొంత తీసినారు. తరువాత దాని ఎదుట ఒక కుక్క మొరుగుతుండగా మరికొంత తీసినారు. ప్రేగు కండరపు చిన్న ముక్క ఒకటి లయగా ముడుచుకొనుచుండగా దానికి ఈ రక్తాలను తగిలించి చూచినారు. ప్రశాంతపు రక్తంలో కండరం తన పని తాను చేసికొనిపోయినది. భయపడిన రక్తంలో అది సడలి ఆగిపోయినది. ఎడ్రినలిన్ చేసే పని ఇదే. కుక్క పిల్లిని తాకలేదు. అయినను మూత్రపిండాలపై ఉండే గ్రంథులు ఆ రసాన్ని రక్తంలోకి విడుదల చేసినవి.

ఎడ్రినలిన్ పారిపోవుటకు గాని, పోరాడుటకు గాని దేహాన్ని సిద్ధం చేస్తుంది. గుండె వేగం హెచ్చుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. పారిపోగలిగిన జంతువుకు ఇది కొద్ది నిమిషాల వ్యవహారం. పంజరంలోని జంతువుకు పిల్లి ఎదుట కూర్చున్నంతసేపూ ఇదే స్థితి. రోజంతా ఇట్లు గడిపే ప్రాణి సరిగా తినదు, చిక్కిపోతుంది, త్వరగా జబ్బుపడుతుంది. ఒక్కసారిగా బెదరిన కుందేలు వెనుకకాళ్ళతో తన్నుకొన్నప్పుడు తన వెన్నెముకనే విరుచుకొనవచ్చును. బెదరిన పిట్ట కమ్మీలకు కొట్టుకొని గాయపడుతుంది.

చూపొక్కటే కాదు, వాసన కూడా భయపెడుతుంది. పిల్లి లాలాజలంలో ఉండే ఒక ప్రోటీను చిట్టెలుక ముక్కులోని ప్రత్యేకమైన అవయవాన్ని తాకి, పిల్లి కనబడకపోయినను భయాన్ని పుట్టించునని 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పిల్లి తన ఒంటిని నాకుతూ ఉంటుంది గదా. ఆ లాలాజలం దాని వెంట్రుకలకు, అక్కడినుండి దానిని నిమిరిన చేతికి చేరుతుంది. కనుక పిల్లిని ముట్టిన చేతిని సబ్బుతో కడుగుకొన్న తరువాతనే పంజరాన్ని ముట్టవలెను.

ఇక్కడ ఒక పొరపాటు తరచు జరుగుతుంది. పిల్లి ఎదుట కుందేలు కదలక మెదలక కూర్చుంటే అది అలవాటుపడినదని సంతోషిస్తారు. చాలాసార్లు అది అలవాటు కాదు. నేలకు అంటుకొన్నట్లు కూర్చొని, కండ్లు పెద్దవి చేసి, చెవులు వెనుకకు వాల్చి ఉన్నదంటే అది భయంతో కొయ్యబారినదని అర్థం. పిట్ట ఈకలను ఒంటికి బిగించుకొని, కూయటం మాని, దూరపు మూలకు చేరినా అర్థమదే. ప్రశాంతమైన ప్రాణి తింటుంది, ఒళ్ళు దువ్వుకొంటుంది, కాళ్ళు చాచి పడుకొంటుంది.

పంజరం ఎక్కడ, ఎట్లు?

రెండు గదులున్న ఇంట్లో ఒక గదిని పంజరానికి కేటాయించి, పిల్లికి అందులో ప్రవేశం లేకుండా చేయటం అన్నిటికంటె మేలైన పద్ధతి. వంటిల్లు మాత్రం పంజరానికి తగదు. బొగ్గు పొయ్యి వాడే ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ పుట్టే చోటు అదే. గ్యాసు పొయ్యి ఉన్నా, అంటుకొనని పూత గల పెనం మితిమీరి కాగినప్పుడు వెలువడే పొగ పిట్టలను నిమిషాలలో చంపగలదు.

పంజరాన్ని ఎత్తున వ్రేలాడదీస్తే చాలుననుకోవటం పొరపాటు. ఎదిగిన పిల్లి నిలుచున్న చోటునుండి సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తుకు ఎగరగలదు. బీరువా మీదనుండి, కిటికీ అంచునుండి ఎగిరితే ఇంకా ఎత్తైన చోటు కూడా అందుతుంది. 4 కిలోల పిల్లి సెకనుకు 3 మీటర్ల వేగంతో దూకి, ఒకటిన్నర కిలోల తేలిక పంజరాన్ని పట్టుకొన్నదనుకొందాము. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం రెండూ కలిసి సెకనుకు సుమారు 2.2 మీటర్ల వేగంతో కదులుతవి. ఆ ఊపుకు కొక్కెం ఊడవచ్చును, తలుపు తెరచుకొనవచ్చును. కావున పంజరం బరువైన పీట మీద ఉండి, గోడకు బిగించబడి ఉండవలెను. ఎగురుటకు ఆసరా కాగల బల్ల, అలమర, కిటికీ తెరలు దాని దరిదాపుల ఉండకూడదు.

కమ్మీల నడుమ సందు మరొక ముఖ్య విషయం. పిట్టలకు అర అంగుళం మించరాదు. చిట్టెలుకలకు పావు అంగుళమే తగినది. సందు చిన్నదైనను పిల్లి గోరు దూరుతుంది. అందుచేత పంజరానికి జానెడు దూరంలో చుట్టూ చెక్క చట్రానికి బిగించిన ఇనుప జాలీ రెండవ గోడగా ఉంటే మంచిది. ఆ జానెడు దూరం వృథా కాదు. పిల్లి కాలు ఎంత చాపినా లోపలి ప్రాణి ఒంటికి తగలకుండా కాపాడేది అదే. పైకి జరిపే తలుపును పిల్లి ముక్కుతోనో కాలితోనో ఎత్తగలదు. దానికి స్ప్రింగు కొక్కెం గాని, మెలిత్రిప్పిన తీగ గాని వేయవలెను.

లోపల దాగుకొనే చోటు తప్పక ఉండవలెను. ఎలుకకు ఒక మట్టి ముంత బోర్లించి ప్రక్కన కన్నం చేస్తే చాలును. కుందేలుకు రెండు ద్వారాలు గల చెక్కపెట్టె కావలెను. ఒకవైపునుండి భయం కలిగితే రెండవవైపునుండి పోవచ్చును. పిట్టల పంజరానికి రెండు ప్రక్కలు గోడకు ఆనుకొని ఉండేటట్లు మూలన ఉంచవలెను; నాలుగువైపుల నుండి శత్రువు రాగలడనే భయం అప్పుడుండదు. మొదట చెప్పిన బొరియ, కన్నం ఇట్లు ఇంటికి వచ్చినవి.

ఎండ తెచ్చే చిక్కు

రామగుండంలో పై సలహాకు ఒక పెద్ద అడ్డంకి ఉన్నది. వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత 45 సెంటీగ్రేడు డిగ్రీలు దాటటం కద్దు. పిల్లికి భయపడి గది తలుపులన్నీ మూసితే లోపలి ప్రాణి ఎండదెబ్బకు చనిపోవచ్చును. ఎండకు భయపడి తలుపు తెరిస్తే పిల్లి వస్తుంది.

కుందేలుకు చెమట పట్టదు. దాని పొడవైన చెవులలోని రక్తనాళాలు వేడిని గాలిలోకి పంపుతవి. అయితే గాలి దేహం కంటె చల్లగా ఉన్నప్పుడే ఆ పని సాగుతుంది. కుందేలు దేహపు వేడి సుమారు 39 డిగ్రీలు. 45 డిగ్రీల గాలిలో వేడి బయటికి పోక లోనికే వస్తుంది. చిన్న దేహానికి చర్మం ఎక్కువ గనుక త్వరగా వస్తుంది. నిజానికి 30 డిగ్రీలు దాటినప్పటినుండే కుందేలును కనిపెట్టి ఉండవలెను. బడ్జరిగార్ ఆస్ట్రేలియా మెట్టభూముల పక్షి కనుక కొంత తట్టుకొంటుంది. అయినను నేరుగా ఎండ తగలరాదు.

ఈ చిక్కుకు విరుగుడు జాలీ తలుపు. మామూలు తలుపు చట్రానికే గట్టి ఇనుప జాలీ బిగించిన రెండవ తలుపు పెట్టించితే గాలి వస్తుంది, పిల్లి రాదు. నేలనుండి మూడడుగుల ఎత్తువరకు దానికి పలుచని గుడ్డ కట్టితే చూపు కూడా అడ్డుతుంది. కిటికీకి సైతం జాలీ ఉండవలెను. పడమటి గోడకు దూరంగా, నేలకు దగ్గరగా ఉన్న చోటు చల్లగా ఉంటుంది. పెరటిలోని రేకుల కప్పు క్రింద వేసవిలో పంజరం ఉంచటం ప్రమాదకరం. సీసాలో గడ్డకట్టించిన నీటిని గుడ్డలో చుట్టి కుందేలు ప్రక్కన పెట్టవచ్చును. పంజరం ఉన్న ఎత్తులోనే ఒక ఉష్ణమాపకం వ్రేలాడదీస్తే ఊహతో పనిలేదు.

ఓపెన్‌కాస్టు గనులకు దగ్గరి కాలనీలలో మరి రెండు జాగ్రత్తలు అవసరం. బ్లాస్టింగ్ వేళ ఇల్లు అదరినప్పుడు పంజరం గలగలలాడి ప్రాణులు బెదరుతవి; దాని క్రింద మందమైన రబ్బరు గాని, మడత పెట్టిన గోనెపట్ట గాని వేయవలెను. బొగ్గుధూళి పిట్టల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పంజరం రోడ్డువైపు కిటికీ వద్ద ఉంచక, ఆ గదిని ఊడ్చుటకు బదులు తడిగుడ్డతో తుడువవలెను.

పిల్లికి కూడా ఇల్లు కావలెను

ఇంతవరకు పిల్లిని అడ్డగించుటే చెప్పినాము. అడ్డగించబడిన ప్రాణికి వేరొక వ్యాపకం చూపకపోతే అది తలుపు వద్దనే కాపు కాస్తుంది. ముందు గదిలో, పంజరపు గదికి ఎదురు కొసన, కిటికీ ప్రక్క ఎత్తుగా ఒక పలకను బిగించితే పిల్లి అక్కడినుండి వీధిని చూస్తూ పడుకొంటుంది. కొయ్య దుంగకు గోనెపట్ట చుట్టిపెడితే గోళ్ళు గీకుకొనుటకు పనికివస్తుంది. పెరుగన్నంతో మాత్రమే పిల్లి బ్రతుకజాలదు. టారిన్ అనే పదార్థం దానికి అత్యవసరం. అది మాంసం, చేపలలోనే లభిస్తుంది. అది లోపిస్తే చూపూ గుండే చెడుతవి. పిల్లి చురుకుదనం తెల్లవారుజామున, సాయంకాలపు మసకలో ఎక్కువ. కనుక ఆ వేళలలో కొద్దిసేపు దారానికి కట్టిన గుడ్డ ముక్కతో ఆడించి, వెంటనే తిండి పెట్టితే అది నిద్రకు ఉపక్రమిస్తుంది.

గని కుటుంబాలలో షిఫ్టులను బట్టి ఒకరు పడుకొనే వేళకు మరొకరు లేస్తారు. పంజరం తలుపు తీసినవారు ఒకరు, గది తలుపు తీసినవారు మరొకరు అయినప్పుడే ప్రమాదం జరుగుతుంది. జాలీ తలుపుకు ఒక పలక తగిలించి, కుందేలును బయటికి వదలినప్పుడు ఆ మాట దానిపై వ్రాయవలెను. గొళ్ళెం వేసినవారే తీయవలెననే కట్టుబాటు ఇంటిల్లిపాదికీ ఉండవలెను.

ఇంత చేసినను ఎప్పుడైనా పిల్లి గోరు గాని, పన్ను గాని తగిలితే, గాయం చిన్నదని ఊరుకొనరాదు. పిల్లి నోటిలో ఉండే పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి చిన్న ప్రాణి రక్తంలో త్వరగా వ్యాపిస్తుంది. అదే రోజు, వీలైనంత త్వరలో, పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. పిల్లికి రేబీస్ టీకా వేయించటం మరువరాదు.

పంజరంలో ఏది ఉండవచ్చును?

రామచిలుకను, గోరువంకను, మునియాలను పట్టి పంజరంలో ఉంచటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మెసలుటకు చాలని ఇరుకు పంజరంలో ఏ జంతువును బంధించినా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. ఒకటే గది ఉండి, తలుపు వేసే వీలు లేని ఇంట్లో పిల్లి గాని, పంజరం గాని ఏదో ఒకటే ఉండటం న్యాయం.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ విషయంలో ఒక చక్కని పరిశీలన చేయవచ్చును. ఇందుకోసం పిల్లిని పంజరం వద్దకు తీసికొనిరావటం మాత్రం కూడదు. అది ప్రయోగం కాదు, హింస. పంజరానికి దూరంగా కూర్చొని, గంటకొకసారి, ప్రాణి తింటున్నదా, ఒళ్ళు దువ్వుకొంటున్నదా, దాగియున్నదా అని ఒక వారం నమోదు చేయవలెను. తరువాత జాలీకి గుడ్డ కట్టి, దాగుకొనే పెట్టె పెట్టి, మరొక వారం నమోదు చేయవలెను. ఉష్ణోగ్రతను కూడా ప్రక్కనే వ్రాసికొంటే ఎండ వలన వచ్చిన మార్పును వేరు చేయవచ్చును. రెండు పట్టికలను పోల్చినప్పుడు పంజరంలోని ప్రాణి తన ఇంటిని గురించి ఏమనుకొంటున్నదో అంకెలే చెప్పుతవి.